ఉషారు: తెలివా, ఆరోగ్యమా, జాగ్రత్తా?

హన్మకొండ నుంచి:
చంటిపిల్లల తల్లుల కోసం ఒక గోడపత్రిక తయారవుతోంది. మూలం ఇంగ్లీషులో ఉంది, అందులో అసలు మాట 'అలర్ట్'. పిల్ల మేలుకొని ఉందా, చుట్టూ చూస్తోందా, పిలిస్తే తిరుగుతోందా అని తల్లి గమనించాలి. అట్లా లేకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకురావాలి. మొదటి చిత్తుప్రతిలో 'బిడ్డ అప్రమత్తంగా ఉందా' అని వచ్చింది. అది కొట్టేసి 'చురుకుగా' అని మార్చాం. చదివి వినిపిస్తే తల్లులు 'ఉషార్గనా?' అని తిరిగి అడుగుతున్నారు. మూడు సందేహాలు. ఉషారు అని అచ్చులో వేయొచ్చా? ఈ మాట ఎక్కడిది? మన దగ్గర ఉషారంటే తెలివి అనే అర్థమే ముందు తోస్తుంది కదా, తల్లి 'మా పిల్ల తెలివిగలదే' అనుకొని ఊరుకుంటే ఎట్లా?

జనగామ నుంచి:
మూడోదాంతోనే మొదలుపెడత, చిక్కంత అక్కడే ఉన్నది. వరంగల్ చుట్టుపక్కల ఉషారుకు నాలుగు అర్థాలున్నయి. అయినా మాట్లాడేవాళ్లు ఎన్నడూ తడబడరు. పక్కన ఏ క్రియ వచ్చింది, మధ్యల 'గ' ఉన్నదా లేదా, దాన్నిబట్టి అర్థం తేలిపోతది.

'పిలగాడు ఉషారున్నడు.' ఇక్కడ 'గ' లేదు. ఇది గుణం: తెలివిగలోడు, చెప్పింది తొందరగ పట్టుకుంటడు. ఇదే మాటను సాగదీసి 'మస్తు ఉషారున్నవ్ రా' అంటే మెచ్చుకోలు కాదు, నీ ఎత్తులు నాకు తెలుసు అని. 'ఉషార్ జేస్తున్నవా' అన్నా అంతే.

'పిలగాడు ఉషార్గ ఉన్నడు.' 'గ' వచ్చింది కాబట్టి ఇది ఇప్పటి స్థితి. ఆడుతున్నడు, తిరుగుతున్నడు, మొఖం కళగ ఉన్నది. తెలివి గురించి ఇందుల ఏం లేదు.

'నాలుగు రోజుల జరం, ఇయ్యాల ఉషారైండు.' కోలుకున్నడు అని. 'అయిండు' ఒక మార్పును చెప్తది. జరంల పడ్డోడు లేచి కూసుండి బువ్వ అడిగితే ఈ మాట వాడుతరు. తెలివి తక్కువోడు తెలివిగలోడైండు అనే అర్థం దీనికి రానే రాదు.

'సంతల ఉషార్గ ఉండు.' ఎదుటివాళ్లకు చెప్పే మాటగ వస్తే జాగ్రత్త. జేబు చూస్కో, దొంగలుంటరు అని.

ఐదోది కూడ చెప్పొచ్చు గాని అది రెండోదానికి కొమ్మనే: 'డప్పు మోగంగనే ఉషారొచ్చింది', 'ఉషారెక్కింది'. ఇది ఉత్సాహం.

ఇగ మీకు పనికొచ్చేది ఇది: కాదనేటప్పుడు ఈ అర్థాలు ఇంకా స్పష్టంగ విడిపోతయి. 'ఆ పిల్ల ఉషారు కాదు' అంటే తెలివిగలది కాదు. 'ఆ పిల్ల ఉషారు లేదు' అంటే ఒళ్లు బాగలేదు, నీరసపడ్డది, మునుపటి లెక్క లేదు. 'కాదు' గుణాన్ని కాదంటది, 'లేదు' స్థితిని లేదంటది. మీ పత్రిక మీద 'ఉషారు లేకుంటె' అని వేస్తే తెలివి అనే అర్థం దరిదాపుల్లకు గూడ రాదు. 'పిల్ల ఉషారేనా?' అని మాత్రం వేయకండి, అది రెండు దిక్కుల పోతది.

కరీంనగర్ నుంచి:
రెండో ప్రశ్నకు. మాట పారశీకం. మన దాకా వచ్చింది దక్కనీ ఉర్దూ ద్వారా. మూలరూపం హోషియార్, లేదా పారశీకంలోనే ఉన్న పొట్టి రూపం హుష్యార్. 'హోష్' అంటే స్పృహ, తెలివిడి. 'యార్' అనగానే స్నేహితుడు గుర్తొస్తాడు గాని, ఇక్కడిది ఆ యార్ కాదు. 'కలిగిన' అనే అర్థమిచ్చే ప్రత్యయం. హోష్ కలవాడు హోషియార్. ఇదే హోష్ ముందు 'బే' చేర్చితే బేహోష్, స్పృహ లేనివాడు. వరంగల్ ఆస్పత్రుల్లో 'బేహోషైండు' అనే మాట నేటికీ వినిపిస్తుంది.

హోష్‌ను ఇంకా వెనక్కి తవ్వితే ఒక అందమైన సంగతి బయటపడుతుంది. మధ్యకాల పారశీకంలో అది 'ఓష్', హకారం లేదు. అంతకంటే పాత ఇరాన్ భాష అవెస్తాలో 'ఉషి' అంటే రెండు చెవులు. అదే మాటకు గ్రహింపు, తెలివి అనే అర్థం కూడా ఉంది. లాటిన్‌లో చెవికి 'ఆరిస్', రష్యన్‌లో చెవులకు 'ఊషి', ఇంగ్లీషు 'ఇయర్', అన్నీ ఒకే చెట్టు కొమ్మలు. అంటే ఉషారుగా ఉండడమంటే మొదటి అర్థంలో చెవులు తెరుచుకొని ఉండడం. వినేవాడికి గ్రహింపు ఉంటుంది, గ్రహింపున్నవాడు స్పృహలో ఉంటాడు, స్పృహలో ఉన్నవాడు మోసపోడు. తెలివి, జాగ్రత్త, ఒంటి కులాసా, మూడూ ఆ చెవి దగ్గరే మొదలయ్యాయి.

రూపం ఎట్లా మారిందో కూడా చూడండి. 'హుషియార్' నడుమ ఉన్న 'ఇయ' నలిగిపోయి 'హుషార్' అయింది. మరాఠీ, కన్నడం, తమిళం, తెలుగు నాలుగింట్లోనూ ఈ నలిగిన రూపమే ఉంది. కాబట్టి ఎవరికి వారు విడివిడిగా మార్చుకున్నారనడం కంటే దక్కన్‌లో ఒకచోట నలిగాక అందరికీ చేరిందనుకోవడమే సబబు. తెలుగు చివర ఉకారం తగిలించింది: బజారు, సర్కారు, దర్బారు, తయారు వలెనే. ఇక మన నోట మొదటి హకారం జారిపోతుంది: హుకుం ఉకుం అయింది, హైదరాబాదు ఐద్రాబాదు అయింది, హన్మకొండ అన్మకొండ అయింది. మధ్యకాల పారశీకంలో లేని హకారం తర్వాతి పారశీకంలో చేరింది, మన ఊళ్లకు వచ్చేసరికి మళ్లీ పోయింది.

హుజూరాబాద్ నుంచి:
ఉషారు 'ఉషస్సు' నుంచి వచ్చిందని, తెల్లవారుజామున లేచినవాడి ఉత్సాహమే ఉషారని ఒకచోట చదివాను. అర్థం కూడా బాగా కుదురుతోంది. అది తప్పంటారా?

కరీంనగర్ నుంచి:
తప్పేనండి. అర్థం కుదిరినంత మాత్రాన పుట్టుక కుదరదు. మూడు కారణాలు చెబుతాను. ఉషస్ మీద 'ఆరు' చేర్చి గుణవాచకం చేసే పద్ధతి సంస్కృతంలోనూ లేదు, తెలుగులోనూ లేదు. రెండోది, ఉర్దూ రాతలో ఈ మాటకు మొదట హకారం స్పష్టంగా ఉంది. ఉషస్సు నుంచి వస్తే ఆ హకారం ఎక్కడిది? మూడోది, సంస్కృతం నుంచి వచ్చిందైతే మన పాత కావ్యభాషలో కనపడాలి. ఇది మాత్రం సర్కారు, సిపాయి, సవారీ లాంటి మాటల గుంపులో తిరుగుతుంది. ఉషస్సు వెలుగుకు చెందిన ధాతువు, హోష్ చెవికి చెందినది. రెండూ ఒకేలా వినిపించడం కాకతాళీయం.

బోధన్ నుంచి:
ఇరుగుపొరుగు భాషల సంగతి కరీంనగర్ సార్ తేలిగ్గా దాటేశారు. నాకు అదే ఈ చర్చలో రుచికరమైన భాగం. ఒకే మాట నాలుగు ఇండ్లకు పోయి నాలుగు పనులు చేస్తున్నది.

మరాఠీలో 'హుషార్' అంటే తెలివిగల, చదువులో ముందుండే. హుషార్ విద్యార్థి అంటే మంచి మార్కులు తెచ్చుకునేవాడు. కన్నడంలో 'హుషారిల్ల' అంటే ఒంట్లో బాగాలేదని. దానికే 'హుషార్' అని హెచ్చరించే వాడుక కూడా ఉంది. తమిళంలో 'ఉషార్' అంటే ముఖ్యంగా జాగ్రత్త, అప్రమత్తత. మలయాళంలో 'ఉషార్' అంటే ఊపు, జోరు, భేష్.

జనగామ వారు చెప్పిన అర్థాలతో వీటిని పక్కపక్కన పెట్టి చూడండి. మరాఠీ తెలివి, కన్నడ ఆరోగ్యం, తమిళ జాగ్రత్త, మలయాళ ఊపు, నాలుగూ వరంగల్ మాటలో ఉన్నాయి. వాళ్లు ఒక్కో అర్థాన్ని ముందుకు తెచ్చుకున్నారు, మనం నాలుగూ అట్టిపెట్టుకొని 'గ', 'అయిండు', 'కాదు', 'లేదు'లతో వేరుచేసుకున్నాం.

తెలివి అనే అర్థం ఉత్తర తెలంగాణలో ఇంత గట్టిగా నిలవడానికి నాకు రెండు కారణాలు తోస్తున్నాయి. మరాఠ్వాడా, తెలంగాణ 1956 దాకా ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాయి, మా వైపు సంతలకు అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు. రెండోది బడి. నిజాం ప్రభుత్వంలో 1884లో పారశీకం స్థానంలో ఉర్దూ అధికారభాష అయింది, 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. ఉర్దూ బడిలో 'హోషియార్' అంటే బాగా చదివేవాడు. ఆ మెచ్చుకోలు మాట బడి నుంచి ఇంటికి వచ్చి ఉండాలి.

దీనికి జోడీ మాట సుస్తీని కూడా చూడాలి. పారశీక 'సుస్త్' అంటే వదులైన, బిగువు లేని. ఉర్దూలో సుస్తీ బద్ధకం, కన్నడంలో సుస్తు అలసట, తెలుగులో సుస్తీ జబ్బు. 'సుస్తీ చేసింది' అంటే మన దగ్గర బద్ధకించాడని ఎవరూ అనుకోరు. నాదురుస్తు అదే వరుస: 'నా' లేదు, 'దురుస్త్' సరిగా ఉండడం. తందురుస్తీలో 'తన్' ఒళ్లు. ఒంటి స్థితి చెప్పడానికి ఒక మాటల గంపనే అటునుంచి దిగింది. గోడపత్రికలో సుస్తీ అనే మాట వాడదలిస్తే ధైర్యంగా వాడొచ్చు. ఉర్దూ ఇంట్లో మాట్లాడే తల్లి మాత్రం దాన్ని బద్ధకంగా వినే అవకాశముంది, వరంగల్ పట్టణంలో అటువంటి ఇండ్లు తక్కువేం కాదు.

విజయవాడ నుంచి:
మా వైపు హుషారంటే ఉత్సాహం, అంతే. 'కుర్రాడు హుషారుగా ఉన్నాడు' అంటే నవ్వుతూ తుళ్లుతూ ఉన్నాడని. తెలివికి చురుకు వాడతాం. 'చురుకైన పిల్ల' అంటే చదువులో చురుకు. చురుకు అచ్చతెలుగు: 'ఎండ చురుక్కుమంటోంది', 'చురక అంటించాడు', అన్నీ వేడి, పదును చుట్టూ తిరిగే మాటలు. మంట తగిలిన ఒళ్లు ఎంత వేగంగా కదులుతుందో ఆ వేగం చురుకు. అందుకే అది వేగాన్నీ పదునునూ చెబుతుంది గాని, మెలకువగా ఉండడాన్ని చెప్పదు. ఆరు నెలల పాపకు చురుకు కంటే హుషారే నయం, మా వైపైనా సరే.

ములుగు నుంచి:
ఇప్పటిదాక మాట పుట్టుక మీద మంచి చర్చ జరిగింది. పేషెంటు మంచం పక్కన ఈ మాటలు ఎట్ల పనిచేస్తయో నేను చెప్త, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వస్తది.

మన దగ్గర ఉషారు ఒక్కటే కాదు, దాని పక్కన ఇంకా రెండు మాటలున్నయి: సోయి, తెలివి. మూడింటికీ హద్దులున్నయి.

సోయి అంటే ఎరుక. 'సోయి తప్పిండు' అంటే స్పృహ పోయింది. 'సోయిల లేడు' అంటే తాగి గాని జరంతోని గాని తానెక్కడున్నడో తెలుస్తలేదు. 'తిండి సోయి లేదు' అంటే ఆకలి సంగతే మరిచిండు.

తెలివి మన దగ్గర మెలకువకు గూడ వాడుతం. 'పొద్దుగాల నాలుగింటికే తెలివైంది' అంటే నిద్ర లేచిన అని. తెలి, తెల్ల, తెలుపు, తెల్లవారు, తెలియు, అన్నీ ఒకే వేరు: మసక పోయి తేటపడుడు. కాబట్టి 'ఆపరేషనైనంక ఇంకా తెలివి కాలె' అంటే మత్తు దిగలేదని. వేరే జిల్లా నుంచి కొత్తగ వచ్చిన డాక్టరుకో నర్సుకో 'పిల్లకు తెలివి లేదు' అంటే బుద్ధి తక్కువ అన్నట్టు వినిపిస్తది. తల్లి చెప్పేది మాత్రం స్పృహ లేదని. ఈ ఒక్క వాక్యం అపార్థమైతే చాలు, ముందు చూడాల్సిన పిల్ల వరుసల వెనకకు పోతది.

ఇగ ఉషారు. సోయి ఉండి ఉషారు లేకపోవచ్చు. జరంల ఉన్న పిల్ల తల్లిని గుర్తుపడ్తది, పిలిస్తే చూస్తది, కాని మెడ వాలేసి భుజం మీద పడి ఉంటది, బొమ్మ ఇస్తే పట్టుకోదు. సోయి ఉన్నది, ఉషారు లేదు. సోయే పోయినంక ఉషారు మాట ఎత్తం. అంటే ఉషారు ముందు తగ్గుతది, సోయి తర్వాత పోతది. తల్లికి ముందు కనపడేది ఉషారు తగ్గుడే. అందుకే మీ పత్రికల మొదటి మాట ఉషారే ఉండాలె, సోయి దాని కింద రావాలె.

ఆస్పత్రిల స్పృహను తొందరగ అంచనా వేయడానికి నాలుగు మెట్లు వాడుతరు. వాటిని మన మాటలల్ల ఇట్ల చెప్పొచ్చు. ఒకటి, తనంతట తానే కండ్లు తెరిచి చూస్తున్నది. రెండు, పిలిస్తే చూస్తది, ఊరుకుంటే మళ్లీ తూగుతది. మూడు, పిలిస్తే లేదు, గిచ్చితే కదులుతది. నాలుగు, గిచ్చినా ఏం లేదు. మొదటి మెట్టు దిగితె చాలు, ఆస్పత్రికి తేవాలె. 'ఇంకా పిలిస్తే చూస్తున్నది గదా' అని రెండో మెట్టు మీద ఆగుడే అసలు ప్రమాదం.

రెండు నెలల నుంచి ఐదేండ్ల లోపు పిల్లలల్ల వెంటనే తేవాల్సిన గుర్తులు నాలుగు చెప్తరు: పాలు నీళ్లు తాగలేకపోవుడు; తాగింది తిన్నది మొత్తం కక్కుడు; ఫిట్స్ వచ్చుడు; మత్తుగ ఉండుడు లేదా సోయి లేకపోవుడు. ఈ నాలుగోదాన్ని అనువాదాలల్ల 'బద్ధకంగా' అని రాస్తే పెద్ద తప్పు. బద్ధకం ఇష్టంతో చేసేది. పసిపిల్ల బద్ధకించదు. 'మందకొడిగా' అన్నా తల్లికి అందదు, అది వాన గురించో వ్యాపారం గురించో పేపర్ల రాసే మాట. 'మత్తుగ పడి ఉన్నది' అంటే ఏ ఊర్లనైనా అర్థమైతది.

ఒక హెచ్చరిక: నిద్రపోయే పిల్లను చూసి ఉషారు లేదనుకోవద్దు. లేపి చూడాలె. మామూలుగ మేలుకోవాల్సిన యాళ్లకు లేపినా లేవకపోతే, లేచి శూన్యంల చూస్తుంటె, అప్పుడు అనుమానపడాలె.

జగిత్యాల నుంచి:
చెవి నుంచి ఉషారు పుట్టిందన్న మాట చదివాక ఇది రాయక తప్పడం లేదు. పశువుల దగ్గర ఉషారును చెవులతోనే కొలుస్తారు. బర్రె ఉషార్గ ఉన్నదంటే చెవులు ఆడుతుంటాయి, చప్పుడైన దిక్కుకు ఒక చెవి ముందు తిరుగుతుంది, తల తర్వాత తిరుగుతుంది. ముట్టె తడిగా ఉంటుంది, తిన్నాక పండుకొని నెమరేస్తుంది. 'చెవులు వేలేసింది, నెమరేస్తలేదు' అన్నాడంటే రైతు జబ్బు గుర్తు చెప్పినట్టే. అప్పుడు చెవి మొదలు పట్టుకొని చూస్తారు, కాలుతోందా చల్లబడిందా అని. అయితే చెయ్యి ఉజ్జాయింపు మాత్రమే, థర్మామీటరు పెట్టాలి. ఆవుకు మామూలు వేడి సుమారు 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్, మనిషి కంటే ఎక్కువ. అది తెలియక 101 చూసి జరమని సూది వేయించేవాళ్లున్నారు.

తెలుగులో 'చెవులు రిక్కించు' అనే మాట ఉంది. రిక్కించడం అంటే నిలబెట్టి బిగించడం. కుక్క, కుందేలు, గుర్రం చేసే పని. మనుషులకు వాడినప్పుడు పోలికే అయినా, ఒళ్లంతా బిగిసి వినే ఆ స్థితిని ఇంత సూటిగా చెప్పే మాట మరొకటి లేదు. అవెస్తా వాళ్ల చెవి దారి, మన చెవి దారి ఒకటేనన్నమాట.

మహబూబాబాద్ నుంచి:
అందరూ 'అప్రమత్తం'ను కొట్టేశారు, దాని తరఫున ఒక మాట. సంస్కృతంలో 'మద్' ధాతువుకు అర్థం మత్తెక్కడం. ప్రమత్త అంటే ఒళ్లు మరిచిన, ఏమరిన. దానికి అకారం చేర్చితే అప్రమత్త, ఏమరుపాటు లేని. తెలుగు 'మత్తు' ఆ మత్త నుంచి వచ్చిందే. ములుగు వారు 'మత్తుగ పడి ఉన్నది' అన్నారు కదా, దానికి అచ్చంగా ఎదురు మాట పుట్టుక లెక్కన 'అప్రమత్తం'. చిత్తుప్రతి రాసినవారు నిఘంటువును నమ్మి ఉంటారు, అందుకు తప్పుపట్టలేం. వాడుక మాత్రం వేరే దారి పట్టింది. అప్రమత్తంగా ఉండడం ఇవాళ ఒక బాధ్యత, పోలీసులకూ అధికారులకూ చెప్పేది. అట్లాగే 'ప్రమాదం' సంస్కృతంలో ఏమరుపాటు, తెలుగులో దాని ఫలితం. బౌద్ధ గ్రంథం ధమ్మపదంలో రెండో వర్గం పేరు అప్పమాదవగ్గం, అందులో 'అప్పమాదో అమతపదం' అంటే ఏమరకుండా ఉండడమే చావులేని తావు అని. అక్కడ ఆ మాటకు అపాయం అనే అర్థం లేదు.

జాగ్రత్త కథ కూడా అదే. 'జాగృ' ధాతువుకు అర్థం మేలుకొని ఉండడం. 'ఉత్తిష్ఠత జాగ్రత' అని కఠోపనిషత్తు అన్నప్పుడు జాగ్రత అంటే మేలుకోండి అని ఆజ్ఞ. మనం తకారం ఒత్తి జాగ్రత్త చేసి, కాపాడుకోవడం అనే అర్థానికి మళ్లించాం. 'డబ్బు జాగ్రత్త' అంటే డబ్బు మేలుకొని లేదు గదా. పాత అర్థం జాగారంలో మిగిలింది: శివరాత్రికి వేయిస్తంభాల గుడిలోనో వేములవాడలోనో రాత్రంతా కూర్చునేది జాగారమే.

హెచ్చరిక ఇంకో వింత. కన్నడంలో 'ఎచ్చర' అంటే మెలకువ, నిద్ర లేవడానికి అదే మాట. తమిళ 'ఎచ్చరిక్కై' జాగ్రత్త. తెలుగులో ఎచ్చరిక, హెచ్చరిక రెండు రూపాలున్నాయి, ముందు హకారం మనం చేర్చిందే. ఉషారుకు ఉన్న హకారం పోగొట్టుకున్నాం, ఎచ్చరికకు లేనిది తగిలించాం. రాజు కొలువుకు వచ్చేటప్పుడు దక్షిణాది దర్బారులో 'హెచ్చరిక' అని పలికితే, మొగలాయి దర్బారులో 'బాఅదబ్, బాములాహిజా, హోషియార్' అని కేక వేసేవారు. పని ఒకటే: అందరూ ఒళ్లు సర్దుకొని నిలబడండి అని.

ఒకటి మిగిలింది, పైలం. 'పైలంగ పో బిడ్డా' అనేది ఉషార్గ ఉండు కంటే మెత్తనిది. పదిలం, పయిలం, పైలం అని రూపం సాగుతుంది, అర్థమూ కలుస్తుంది. ఉషార్గ ఉండు అంటే ఎదుట దొంగ ఉన్నాడు, కన్ను తెరిచి ఉంచు. పైలం అంటే నీకేమీ కావద్దు. మేడారం జాతరలో జంపన్నవాగు దగ్గర మైకులో 'భక్తులు అప్రమత్తంగా ఉండగలరు' అనే బదులు 'పిల్లలు పైలం' అంటే ఎంతమంది తల్లులు చెయ్యి గట్టిగా పట్టుకుంటారో ఆలోచించండి.

హన్మకొండ నుంచి:
అందరికీ దండాలు. చర్చను బట్టి తిరగరాసిన ప్రతి ఇది:
'మీ బిడ్డ ఉషార్గ ఉన్నదా? కండ్లు తెరిచి చూస్తున్నదా? పాలు తాగుతున్నదా? ఉషారు లేకుంటె, మత్తుగ పడి ఉంటె, సోయి తప్పితె వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.'
పై అక్షరాల్లో 'హుషారు' అని వేయాలా 'ఉషారు' అనా?

జనగామ నుంచి:
'ఉషారు' అనే వేయండి. చదివి వినిపించే అంగన్‌వాడీ టీచరు నోట హకారం పలకదు, వినే తల్లి చెవికీ అది కొత్తగ ఉంటది. వేరే జిల్లాలకు పంపే ప్రతిల హకారం పెట్టుకోండి. ఇంకోటి: 'బిడ్డ' తీసేయండి. మన దగ్గర బిడ్డ అంటే కూతురు. కొడుకున్న తల్లి ఇది తన కోసం కాదనుకుంటది.

ములుగు నుంచి:
జనగామ అన్న చెప్పింది నిజం, 'పిల్లలు' అని వేస్తే ఇద్దరికీ సరిపోతది. ఇంకొకటి, మీ ప్రతిల రెండో మెట్టు లేదు. పిలిస్తే చూసి మళ్లీ తూగే పిల్లలను తల్లి మంచిగనే ఉన్నరనుకుంటది. ఫిట్స్, కక్కుడు గూడ లేవు. ఇట్ల మార్చి చూడండి:

'మీ పిల్లలు ఉషార్గ ఉన్నరా?
కండ్లు తెరిచి చూస్తున్నరా? పాలు తాగుతున్నరా?
వెంటనే తేవాల్సిన గుర్తులు: పిలిస్తే చూసి మళ్లీ తూగుతున్నరా? మత్తుగ పడి ఉన్నరా? తాగలేకపోతున్నరా? తాగింది మొత్తం కక్కుతున్నరా? ఫిట్స్ వచ్చినయా?
ఉషారు లేకున్నా, ఈ గుర్తులల్ల ఏ ఒక్కటి ఉన్నా, సోయి తప్పేదాక ఆగొద్దు. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకురండి.'

హన్మకొండ నుంచి:
ఇదే అచ్చుకు పంపుతున్నాం, ఉషారు మీద హకారం లేకుండా.